పిడి లేని కుళాయి

ఆ ఇంట్లో పొద్దున్నే మోటారు వేసేది కోడలు. ఆపమని అరిచేది బోర్డులాయన. మధ్యలో ముప్పావుగంట. ఇరవై రెండేళ్ళుగా వరస ఇదే. వేసే చెయ్యి మారింది గానీ అరిచే గొంతు మారలేదు.

పెరటి చివర గదిలో, గోడలోంచి పొడుచుకొచ్చిన కుళాయి కింద ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టుకుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఆయన మోటారు చప్పుడు వింటూ ఉంటాడు. చాలాసేపటికి కుళాయి రెండుసార్లు దగ్గుతుంది. గాలి వదులుతుంది. ఆ తరవాతే నీళ్ళు. డ్రమ్ము అంచుదాకా రాగానే గుమ్మంలోకి వచ్చి, "నిండిందీ!" అని ఒక్క కేక పెడతాడు. వంటింట్లో ఎవరో ఒకరు స్విచ్చి ఆపుతారు. అందుకని ఇంట్లో ఆయనకి అలారం బాబాయి అని పేరు. చాటుగా అనుకునే పేరేం కాదు, మొహం మీదే పిలుస్తారు. ఆయనా నవ్వుతాడు. నవ్వక ఏం చేస్తాడు?

ఆ కుళాయికి పిడి లేదు. పెట్టించిన రోజే వాళ్ళన్నయ్య పిడి ఊడదీసి జేబులో వేసుకున్నాడు. "ఇది డైరెక్టు లైను రా. మోటారు నుంచి సూటిగా నీ గదికే. ప్రెషరు ఎక్కువ. కట్టేశావంటే పైపు పగిలి చస్తుంది. తెరిచే ఉంచు," అన్నాడు. మరి మోటారు వేసిన వెంటనే నీళ్ళెందుకు రావు అంటే, చివరి గది కదా, దూరం కదా అన్నాడు. బోర్డులాయన నమ్మాడు. నమ్మడమే కాదు, గొప్పగా చెప్పుకునేవాడు కూడా. ఇంటిల్లిపాదీ ట్యాంకులో నిలవున్న నీళ్ళు వాడుకుంటారు, నాకు మాత్రం రోజూ తాజా నీళ్ళు అని.

ఊళ్ళో ఆయన్ని బోర్డులాయన అనేవాళ్ళు. బడి మధ్యలో మానేసి, ఒక ముసలి పెయింటరు నిచ్చెన పట్టుకుంటూ అక్షరాలు నేర్చుకున్నాడు. బజారు బజారంతా ఆయన చేతిరాతే ఉండేది ఒకప్పుడు. కిరాణాకొట్టు, కుట్టుమిషన్లు బాగుచేసే షాపు, పళ్ళ డాక్టరు, ఆ డాక్టరు మీద అలిగి ఎదురుగా పెట్టిన ఇంకో పళ్ళ డాక్టరు, అందరికీ ఆయనే రాశాడు. దూరం నుంచి చదవాలంటే అక్షరం ఎంత మందం ఉండాలో, ఎండకి ఏ రంగు ముందు వెలుస్తుందో ఆయనకి కొలతలేకుండా తెలుసు. తరవాత ఫ్లెక్సులు వచ్చాయి. గంటలో అచ్చేసి ఇస్తారు, చుట్ట చుట్టుకుని చంకలో పెట్టుకుపోవచ్చు, పైగా షాపువాడి ఫొటో కూడా పడుతుంది. ముందు చిన్న కొట్లు పోయాయి, తరవాత పెద్దవి. చివరికి 'గోడ మీద పోస్టర్లు అంటించరాదు' అని రాసే పని మిగిలింది. ఆయన ఆ మాట రాసి కుంచె కడుక్కునేలోగా దాని మీదే పోస్టరు అంటించేవాళ్ళు.

పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా అన్నయ్య, "ప్రస్తుతానికి ఆగరా," అన్నాడు. ప్రస్తుతానికి అనేది అన్నయ్య ఊతపదం. ఇంట్లో ఏ పైపు కారినా, "ప్రస్తుతానికి గుడ్డ చుట్టు," అనేవాడు. చుట్టేది తమ్ముడే. అలా చుట్టిన గుడ్డ పదేళ్ళుండేది. ఇల్లు రాయించుకునేటప్పుడు కూడా అన్నయ్య అలాగే అన్నాడు. "ఇద్దరి పేర్లెందుకు, లేనిపోని చిక్కులు. ప్రస్తుతానికి నా పేరు మీద ఉండనీ. వెనక గది నీదే. నీళ్ళ లైను కూడా నీకు వేరే వేయిస్తున్నా. ఒకళ్ళ మోచేతి కింద నీళ్ళు తాగే ఖర్మ నీకెందుకురా?" తమ్ముడికి ఆ చివరి మాట గుండెల్లో నాటుకుంది. సంతకం పెట్టాడు. దస్తావేజు రాసేవాడు ఆ సంతకం చూసి, ఇంత అందంగా ఆస్తి వదులుకున్నవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు అన్నాడట. అది మెచ్చుకోలు అనుకున్నాడు ఈయన.

అన్నయ్య పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఇంటి పెత్తనం అన్న కొడుకుది, అంతకంటే ఎక్కువ వదినది.

ఒకరోజు అన్న కొడుకు ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు. "ఆటోమేటిక్ బాబాయ్. ట్యాంకు నిండుతుందనగా మోటారు దానంతటదే ఆగిపోతుంది. చుక్క కూడా పొంగదు."

"అయితే నా ఉద్యోగం ఊడినట్టేనా?" అన్నాడు బోర్డులాయన.

"రిటైర్మెంటు అనుకో," అని నవ్వింది వదిన. "ఇరవై రెండేళ్ళ సర్వీసు. సన్మానం చేద్దాంలే."

ప్లంబరు వచ్చి ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి, సామాన్ల సంచి కింద పెట్టాడు గానీ విప్పలేదు. "సార్, ఇది పైపులైనా? పేగులా?" అన్నాడు. "ఏది ఎక్కడికి పోతోందో తెలీకుండా నేను చెయ్యి పెట్టను. ఒకటి కట్టేస్తే ఇంకోటి పేలుద్ది. ముందు అన్నీ పట్టుకుని, పేర్లు రాసి పెట్టుకోండి."

"రాయడానికి మా బాబాయి ఉన్నాడుగా!" అన్నాడు అన్న కొడుకు.

ఆ మాటతో బోర్డులాయనకి ప్రాణం లేచొచ్చింది. ఎవరైనా ఏదైనా రాయమని అడిగి ఎన్నాళ్ళయిందో. మంచం కిందనుంచి రేకుపెట్టె లాగాడు. నల్ల ఎనామిల్ డబ్బా మూత బిగుసుకుపోయి ఉంది. స్క్రూడ్రైవరుతో కుళ్ళగించి, పైన కట్టిన తెట్టు తీసి, టర్పెంటైను పోసి కలిపాడు. గట్టిపడిన కుంచెల్లో ఒకటి దారికొచ్చింది. దాని కొస నాలిక మీద తడి చేసుకుంటుంటే కోడలు చూసి, "ఛీ, చిన్నమావయ్యా, విషం కదా!" అంది.

"యాభై ఏళ్ళుగా తింటున్నానమ్మా. ఒంటికి పట్టలేదు."

ఆ పూటంతా పైపుల వేటే. ప్లంబరు ఒక వాల్వు కట్టేసేవాడు, కోడలు వంటింట్లో, వదిన స్నానాలగదిలో, అన్న కొడుకు మేడ మీద నిలబడి, వస్తోంది, రావట్లేదు అని అరిచేవాళ్ళు. ఒకళ్ళు వస్తోందన్నది ఇంకొకళ్ళు రావట్లేదని విన్నారు. ప్లంబరు స్పానరుతో పైపు మీద కొట్టి, రెండో కొస దగ్గర చెవి పెట్టి వినేవాడు. ఒక పైపు గోడలోకి వెళ్ళి బయటికి రాలేదు. ఇంకోటి ఎక్కడినుంచీ రాకుండానే బయటికి వచ్చింది. మేడ మీద బాత్రూముకి నీళ్ళు వెళ్ళేది మొక్కలకి నీళ్ళు పట్టే రబ్బరు గొట్టంలోంచి అని తేలింది. ఒకచోట చిల్లికి పెన్ను మూత దోపి, దాని మీద పాల ప్యాకెట్టు చుట్టి, సైకిలు ట్యూబు బిగించి, ఇనప తీగ మెలేసి ఉంది.

"ఇదెవడు చేశాడో మహానుభావుడు!" అన్నాడు ప్లంబరు.

"నేనే," అన్నాడు బోర్డులాయన. "పదిహేనేళ్ళయింది. చుక్క కారలేదు."

ప్లంబరు తీగని వేలితో మీటి చూశాడు. "అదే నాకు మండుద్ది పెద్దాయనా. మీలాంటివాళ్ళ వల్లే మాకు పన్లు దొరకవు."

ఒక్కో పైపు తేలుతుంటే దాని మీద పేరు పడుతోంది. వంటిల్లు. కింద స్నానాలగది. మేడ. పెరడు. గుండ్రటి దాని మీద రాయడం గోడ మీద రాసినంత సులువు కాదు. అక్షరాన్ని కొంచెం వెడల్పు చెయ్యాలి, లేకపోతే పక్కనుంచి చూసేవాడికి బక్కచిక్కినట్టు కనిపిస్తుంది. ఆయన ఎడమ చేత్తో కర్ర పట్టుకుని, దాని మీద కుడి చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి రాశాడు. 'వంటిల్లు' కింద లావొత్తు చుట్టేసరికి కోడలు, "అబ్బ, అచ్చేసినట్టుంది," అంది. ఆయన పొంగిపోయాడు. పాపం, తన పొట్ట కొట్టినదానితో పోల్చారని ఆ క్షణాన తట్టలేదు.

"నాలుగయ్యాయి," అన్నాడు ప్లంబరు మేడ మీద ట్యాంకు దగ్గరనుంచి. "అడుగున నాలుగు పైపులు. నాలుగూ దొరికాయి. పైన ఇంకోటుంది, అదెక్కడికి?"

"నా లైను సంగతి మర్చిపోయావు," అన్నాడు బోర్డులాయన కిందనుంచి. "అది ట్యాంకులోంచి రాదులే. డైరెక్టు."

ప్లంబరు దిగొచ్చి మోటారు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చుట్టూ మట్టి గోకాడు. "మోటారు నుంచి ఒకటే పైపు పెద్దాయనా. పైకి పోయేదే."

"సరిగ్గా చూడు."

"దాయడానికి ఇదేమన్నా నిధా? ఒకటే ఉంది."

బోర్డులాయన వదిన వంక చూశాడు. ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. అప్పటికే పొడిగా ఉన్న చేతులు.

మిగిలింది రెండో కొస నుంచి పట్టుకురావడమే. ఆయన గదిలో కుళాయి దగ్గర మొదలుపెట్టి, గోడ అవతలికి వెళ్ళి, మురుగ్గొట్టం వెనకనుంచి, సున్నం కింద ఉబ్బెత్తుగా కనిపిస్తున్న గీతని ప్లంబరు వేళ్ళతో తడుముకుంటూ నిచ్చెనెక్కాడు. గోడ పట్టుకుని పైకి, ఇంకా పైకి, పిట్టగోడ దాటి. కాసేపు కనిపించలేదు. తరవాత తల బయటికి పెట్టి, "అమ్మా, బట్టలకి వేసే నీలం ఉంటే ఇవ్వండి," అన్నాడు. కోడలు నీలం సీసా అందించింది. "పెద్దాయనా, నువ్వు కుళాయి దగ్గర ఉండు. పైనుంచి ఒక బకెట్టు పోస్తాను. వస్తే చెప్పు."

బోర్డులాయన గదిలోకెళ్ళి బకెట్టు మీద కూర్చున్నాడు. మోటారు నడవట్లేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. కుళాయి రెండుసార్లు దగ్గింది. గాలి వదిలింది. సన్నగా మొదలై, లావై, నీలం నీళ్ళు డ్రమ్ములో పడ్డాయి.

"వచ్చిందా?" పైనుంచి కేక.

ఆయన నోరు తెరిచాడు. రాలేదని చెప్పడానికి ఒక్క క్షణం వీలుంది. అప్పటికే గుమ్మంలో అన్న కొడుకు నిలబడి డ్రమ్ములోకి చూస్తున్నాడు.

"వచ్చింది," అన్నాడు.

ప్లంబరు కిందకి వచ్చి, పనివాడి మామూలు గొంతుతో చెప్పాడు. అది ట్యాంకు పైఅంచున ఉండే పైపు. ట్యాంకు నిండి, ఎక్కువైన నీళ్ళు పోవడానికి పెట్టేది. మామూలుగా అయితే మురుగులోకి వదుల్తారు. ఇక్కడ ఈ గదిలోకి వదిలారు. "పిడి ఎందుకు తీశారో ఇప్పుడర్థమైంది. కట్టేస్తే ట్యాంకు మూతలోంచి పొంగి మేడంతా తడిసిపోద్ది."

అంటే ఇరవై రెండేళ్ళుగా ఇంట్లో అందరికీ సరిపోయి, ఇంక పట్టక, పారబొయ్యాల్సిన నీళ్ళతో ఆయన మొహం కడుక్కున్నాడు. డ్రమ్ము నిండిందని ఆయన కేకేస్తుంటే, ట్యాంకు పొంగుతోందని వాళ్ళు వినేవాళ్ళు. గుమాస్తా సంతకం పెట్టినట్టు రోజూ తన వాటా మిగులేనని తన గొంతుతో తనే ఒప్పుకునేవాడు.

"నీకు తెలుసా వదినా?"

"నాకేం తెలుసయ్యా పైపుల సంగతి? మీ అన్నయ్య ఏం చేశారో ఆయనకే ఎరుక. ఏదైతేనేం, నీళ్ళు నీళ్ళే. రుచి తేడాగా ఉందా?"

"తెలుసా, లేదా?"

"తెలిస్తే మాత్రం? దొడ్లో పారే నీళ్ళు నీకు పనికొచ్చాయి. ఒక్కనాడు నీకు తక్కువైందా? ట్యాంకు పొంగేదాకా మోటారు నడపబట్టే కదా. కరెంటు ఎవరిదనుకున్నావు?"

అన్న కొడుకు నేలచూపులు చూశాడు. వాడికీ తెలుసని అర్థమైంది. కోడలికి ఒక్కదానికే తెలియనట్టుంది, లేదా బాగా నటించగలదు.

బోర్డులాయన జీవితంలో ఎవర్నీ ఏమీ అడగలేదు. అడగనివాడి పాలు ఆటోమేటిక్‌గా పక్కవాడికి పోతుంది, దానికి మిషను అక్కర్లేదు. ఆ రోజు అడిగాడు. ప్లంబరు ఎదురుగానే. "రేపట్నుంచి చుక్క పొంగదన్నావు. అంటే నాకు చుక్క రాదు. నాకో లైను కావాలిరా."

"పెరటి పైపు ఈ గోడ పక్కనుంచే పోతోంది సార్," అన్నాడు ప్లంబరు. "ఒక టీ జాయింటు వేసి ఆరడుగుల పైపు లాగితే అయిపోద్ది. గంట పని."

"చూద్దాం," అన్నాడు అన్న కొడుకు.

"చూడ్డానికేముంది?"

"అది కాదు బాబాయ్. ఆ గది ఎప్పటికైనా పడగొట్టేదే కదా. కారు పెట్టడానికి చోటు లేదు. పడగొట్టే గోడకి కొత్త పైపెందుకని."

"మరి నేనెక్కడుంటాను?"

"నీకేం లోటు బాబాయ్? ప్రస్తుతానికి మెట్ల కింద సర్దుదాం."

ఆ మాట వాడి నోట అచ్చం వాళ్ళ నాన్న గొంతుతోనే వచ్చింది. తండ్రి వదిలి వెళ్ళిన ఆస్తిలో అదీ ఒకటి కాబోలు.

ఇంక ఆ అయిదో పైపుకి పేరు రాయడం మిగిలింది. కుంచెలో రంగు ఆరిపోతోంది. వదినకి ఎందుకో జాలేసింది, లేకపోతే ఈ గొడవ తొందరగా ముగించాలనుకుంది. "నీ లైను అనే రాసుకోవయ్యా. బాబాయి లైను అని రాసుకో. ఎవరొద్దన్నారు?" అంది.

నీళ్ళు తీసుకుని పేరు ఇస్తున్నారు. 'కల్తీ లేదు' అని, 'ఒకటే ధర' అని, 'మీ సేవే మా భాగ్యం' అని ఆయన రాసిన అబద్ధాలు పెట్టి ఒక ఊరు కట్టొచ్చు. ఇంకొక్కటి రాస్తే కొంపేం మునగదు. చివరికి కుంచె ముంచి, మిగతా నాలుగింటికంటే శ్రద్ధగా, 'ఓవర్‌ఫ్లో' అని రాశాడు.

మర్నాడు మోటారు దానంతటదే ఆగింది. కోడలు చప్పట్లు కొట్టింది. వెనక గదిలో కుళాయి దగ్గలేదు.

మూడు రోజులు ఆయన పెరటి కుళాయి దగ్గరనుంచి బకెట్టు మోసుకున్నాడు. అక్కడ పనిమనిషి గిన్నెలు తోముతూ ఉంటుంది. "ఆగు తాతా, నాదయ్యాక," అంటుంది. మోకాళ్ళు సహకరించని మనిషి అంట్లగిన్నెల వెనక వరసలో నిలబడ్డాడు. నాలుగో రోజు మధ్యాహ్నం, ఇల్లంతా భోంచేసి నడుం వాల్చిన వేళ, పెరటి వాల్వు కట్టేశాడు. ఏది పెరటిదో వెతుక్కునే పనిలేదు, ఆయన చేత్తోనే రాసి ఉంది. ప్లంబరు వదిలేసిన ముక్కల్లో ఒక టీ, అయిదడుగుల పైపు దొరికాయి. రంపంబ్లేడుకి గుడ్డ చుట్టుకుని కోశాడు. అతికించాడు. అడుగు పైపు తక్కువైతే పాత రబ్బరు గొట్టం తొడిగి తీగ మెలేశాడు. కిటికీలోంచి లోపలికి లాగి, కొసకి పిడి ఉన్న కుళాయి బిగించాడు.

వాల్వు తెరిచొచ్చి పిడి తిప్పాడు. నీళ్ళు వచ్చాయి. కట్టేశాడు. ఆగిపోయాయి. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ కట్టాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, పసిపిల్లాడికి బొమ్మ దొరికినట్టు, అలా ఎన్నిసార్లు తిప్పాడో.

రబ్బరు గొట్టం దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. సాయంత్రానికి కిటికీ కింద మడుగైంది. ఆ మడుగే పట్టిచ్చింది.

"ఏంటి బాబాయ్ ఇది? అడిగితే మేం చేయించమా?"

"అడిగాను."

"చూద్దాం అన్నాను కదా!"

"అయితే చూడు. ఇదిగో."

వదిన గుమ్మంలోంచే అందుకుంది. "కడుపులో పెట్టుకుని చూసుకున్నందుకు ఇంటికే కన్నం వేశాడు! రేపు గోడకి వేస్తాడు, ఎల్లుండి వాటా అంటాడు. ఇవాళ కుళాయి ఇస్తే రేపు గది ఇచ్చినట్టే రా అబ్బాయ్, నే చెప్తున్నా."

ఆవిడ అబద్ధమాడలేదని బోర్డులాయనకి తెలుసు. ఆ ఇంట్లో ఆయనకి ఇరవై రెండేళ్ళ తరవాత వినపడిన మొదటి నిజం అదే.

పొద్దున్నే ప్లంబరు వచ్చాడు. తీగ విప్పి, టీ కోసేసి, నిటారుగా కొత్త ముక్క అతికించి, పని చక్కగా చేశాడు. పోతూ పోతూ గది ముందు ఆగాడు. "ఏమనుకోకు పెద్దాయనా. పని చెప్పింది వాళ్ళు."

"ఏమనుకుంటాను? 'తూకంలో మోసం ఉండదు' అని ఎన్ని కొట్లకి రాశాను! ఒక్కడి తూకం రాళ్ళయినా పట్టుకు చూశానా?"

రోజూ రెండు బకెట్లు గది ముందు పెట్టిస్తామని అన్న కొడుకు మాటిచ్చాడు. ఒక వారం రెండు వచ్చాయి. తరవాత ఒకటి. తరవాత అదీ ఎండెక్కాక. ఇప్పుడు ఆయనే వెళ్తాడు. పొద్దున్న మోటారు ఆగినప్పుడు ఒక్కోసారి గొంతు దానంతటదే లేవబోతుంది. దగ్గేసి ఊరుకుంటాడు.

మొన్న పక్కవీధి ఆయన కూడా ఇలాంటి మిషనే పెట్టించుకుందామని చూడ్డానికి వచ్చాడు. అన్న కొడుకు ఇల్లంతా తిప్పి చూపించాడు. వచ్చినాయన మిషను కంటే పైపులనే ఎక్కువసేపు చూశాడు. "భలే ఉన్నాయండీ ఈ స్టిక్కర్లు. ఎక్కడ చేయించారు?"

"ఇక్కడే," అన్నాడు అన్న కొడుకు.

బోర్డులాయన పెరటి కుళాయి దగ్గర బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంట్లు ఇంకా అవలేదు. వచ్చినాయన పక్కనుంచి వెళ్తూ తల పైకెత్తి చదివాడు.

"ఓవర్‌ఫ్లో. ఇదెక్కడికి పోతుందండీ?"

"ఎక్కడికీ పోదు," అన్నాడు అన్న కొడుకు.

"అలారం తాతా, రా. అయిపోయింది," అని పనిమనిషి గిన్నెలు పక్కకి జరిపింది. ఆయన వెళ్ళి బకెట్టు పెట్టాడు.